ఎర్ర మూత సీసా

వానలు మొదలైన వారంలోనే మా బావమరిది ముక్కులోంచి మళ్ళీ రక్తం కారింది. నేను పొద్దున్నే టీ కాస్తున్నాను. వెనకనుంచి, "బావా, కుళాయి విప్పేశారు" అన్నాడు. తిరిగి చూస్తే తువ్వాలు ముక్కుకి అదిమిపెట్టుకుని తల ముందుకి వంచి కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చకూడదని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటికే రెండు ఆపరేషన్లు అయిన మనిషి.

"ఎప్పటినుంచిరా?"

"నిన్న కార్ఖానాలో ఒకసారి వచ్చింది. టేకు బల్ల మీద పడింది. రంగు బాగుంది, దీని మీదే వార్నిష్ కొట్టేద్దాం అన్నారు మావాళ్ళు."

నవ్వాను. వాడు ఏదైనా అన్నప్పుడు నవ్వకపోతే నవ్వేదాకా వదలడు. ఈ విషయంలో వాళ్ళక్క కూడా అంతే.

వాడు నా భార్య తమ్ముడు. అక్క మంచాన పడినప్పుడు సాయానికి వచ్చాడు. ఆమె పోయి ఐదేళ్ళయినా, నేను వెళ్ళమనలేదు, వాడు వెళ్తాననలేదు. వడ్రంగి. కార్ఖానాలో అందరూ వాడిని మట్టం అని పిలుస్తారు. బద్దని కంటి ముందు ఎత్తి పట్టుకుని చూశాడంటే వెంట్రుకవాసి వంకర కూడా చెప్పేస్తాడు. ఆ ముక్కులో గడ్డ మొలిచాక వాసనలు తెలియడం మానేశాయి. అందుకని ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది. కూర మాడుతోందా, పాలు విరిగాయా అన్నది నేను చెప్పాలి. నా కళ్ళజోడు ఎక్కడుంది, సూదిలోకి దారం ఎక్కిందా లేదా అన్నది వాడు చెప్పాలి. "ముక్కు నీది, కన్ను నాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క" అనేవాడు.

ఆ మధ్యాహ్నమే మా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మా ఆస్పత్రి అంటున్నాను గానీ అందులో నాది నేలమాళిగలో ఒక గది. ఆపరేషన్లలో తీసిన ముక్కలు అక్కడికి వస్తాయి. వాటిని మైనంలో పోసి దిమ్మలు చేసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు పలకల మీద పరిచి డాక్టర్లకి పంపడం నా పని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. అక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ నేర్పింది నేనే కాబట్టి పెద్ద డాక్టర్లు కూడా నన్ను మాస్టారూ అనే పిలుస్తారు.

ముక్కు డాక్టరు స్కాన్ ఫిల్ముని వెలుగు పెట్టె మీద పెట్టాడు.

"క్యాన్సర్ కాదు. రెండుసార్లూ పలకలు చేసింది మీ గదిలోనే కదా మాస్టారూ. ప్రమాదం లేని గడ్డే. నిండా రక్తనాళాలు, అంతే. నిజానికి ఇది ఇరవైలోపు కుర్రాళ్ళకి వచ్చే గడ్డ. ముప్పై తొమ్మిదేళ్ళకి రావడం చాలా అరుదు."

"చూశావా బావా" అన్నాడు మావాడు. "నన్ను ముసలాడా అంటావు. లోపల ఇంకా మీసమే రాలేదట."

డాక్టరు నవ్వాడు, తర్వాత వేలు ఫిల్ము మీద పెట్టాడు. గడ్డ ముక్కు వెనకనుంచి ఎముకని అరగదీసుకుంటూ కుడి కంటి గూడులోకి వెళ్ళింది. చూపు నరాన్ని చుట్టుకుంటోంది.

"ప్రమాదం లేనిదైతే అక్కడిదాకా ఎందుకెళ్ళింది సార్?"

"దానికి మన మీద పగేం లేదు. పెరగడం ఒక్కటే వచ్చు దానికి." కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. "ఇలా వదిలేస్తే నాలుగైదు నెలల్లో ఆ నరం నలిగిపోతుంది. ఈసారి పూర్తిగా తీసేయాలంటే నరం చుట్టూ గీకాలి. రెండింట్లో ఏదైనా, కన్ను ఉంటుంది. చూపు ఉండదు."

మావాడే అందుకున్నాడు. "వడ్రంగివాడు ఎలాగూ ఒక కన్ను మూసే కదా సార్ చూసేది."

డాక్టరు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. ఇలాంటి రోగులు దొరకరు. బయట వరండాలోకి వచ్చాక మావాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తడిసిన గొడుగులు వరసగా ఆనించి ఉన్నాయి. వాటి కింద నీళ్ళు మడుగు కట్టాయి.

"బావా, నేను మూసేది ఎడమ కన్ను."

*

ఒక దారి ఉందని ముక్కు డాక్టరే చెప్పాడు. నాలుగో అంతస్తులో ఒక డాక్టరమ్మ సరిగ్గా ఇలాంటి గడ్డల మీదే పరిశోధన చేస్తోంది. గడ్డని కుదించే మందొకటి కొద్దిమందికి ఇచ్చి చూస్తున్నారు. మొత్తం పన్నెండుమందికే చోటు. అందులో రెండు మిగిలాయి. నెలాఖరుకి మూసేస్తారు.

నాకు ఆ అమ్మాయి తెలుసు. మొదటి సంవత్సరంలో నా దగ్గర దిమ్మలు కోయడం నేర్చుకుంటూ వేలు కోసుకుంది. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, చదువుకోని మనిషని తక్కువ చేయకుండా, మావాడికి అంతా వివరంగా చెప్పింది. శరీరంలో పెరుగుదలకి కొన్ని కారకాలుంటాయి. అందులో ఒకటి కొత్త రక్తనాళాలని పుట్టిస్తుంది. ఆ కారకాన్ని తయారు చేసే జన్యువు అందరిలోనూ ఉంటుంది. కొందరి గడ్డలో అది మామూలుకన్నా పదింతలు, ఇరవై ఇంతలు పనిచేస్తుంది. మందు ఆ కారకానికే అడ్డుపడుతుంది. అందుకని జన్యువు జోరుగా ఉన్నవాళ్ళకే ఇస్తారు.

"జోరుగా ఉందో లేదో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు మావాడు.

"జన్యువు ఊరికే ఉండదండీ. ఇది తయారు చేయండి అని కణం లోపలికి నకళ్ళు పంపుతూ ఉంటుంది. ఆ నకళ్ళు లెక్కపెడతాం."

మావాడు ఒక్క క్షణం ఆలోచించాడు. "మా కార్ఖానాలో చీటీల్లాగన్నమాట. నమూనాల పుస్తకం యజమాని బీరువాలో ఉంటుంది. మా దగ్గరికొచ్చేది చీటీయే. కుర్చీల చీటీలు ఎన్నొచ్చాయో లెక్కపెడితే, ఆ నెల ఎన్ని కుర్చీలు చేస్తామో చెప్పేయొచ్చు."

"అంతే. నేను మూడేళ్ళుగా మా విద్యార్థులకి ఇంత బాగా చెప్పలేకపోయాను."

"అయితే నా ముక్కులో ఎవడో రాత్రీ పగలూ చీటీలు రాసి పారేస్తున్నాడు. వాడి చెయ్యి పట్టుకోండమ్మా."

ఆమె నవ్వి నా వైపు తిరిగింది. "ఆ చీటీల కాగితం చాలా పలచనిది మాస్టారూ. తీసిన ముక్క వెంటనే నా ద్రవంలో పడాలి, మంచులో ఉండాలి. ఫార్మలిన్ వాసన కూడా తగలకూడదు. తగిలితే చీటీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దవుతాయి. మీకు చెప్పాలా."

నాకు చెప్పక్కర్లేదు. పాత ఆపరేషన్ల ముక్కలు రెండూ నా బీరువాలో మైనం దిమ్మల్లో భద్రంగా ఉన్నాయి. ఫార్మలిన్‌లో నాని వచ్చినవి, ముక్క కుళ్ళకుండా నిలవుంచే మందు అది. రూపం చూడటానికి వందేళ్ళయినా పనికొస్తాయి, ఈ పనికి మాత్రం పనికిరావు.

"నేనే వెళ్ళి పట్టుకొస్తాను మేడమ్" అన్నాను.

ఆమె సందేహించింది. సొంతవాళ్ళ ముక్కని ఆ ఇంటివాళ్ళు ముట్టుకోకూడదని మా గదిలో ఒక కట్టుబాటు ఉంది. చెయ్యి వణుకుతుందని, మనసు ఎటో పోతుందని. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. నా భార్య ముక్క వచ్చిన రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

"మీరేనా మాస్టారూ?"

"నా కన్నా జాగ్రత్తగా ఎవరు తెస్తారమ్మా?"

ఆమె లేచి బీరువా తెరిచింది. ఎర్ర మూత ఉన్న చిన్న సీసా, మంచు పెట్టె ఇచ్చింది.

*

ఆ గడ్డని ముక్కు లోపలే కొంచెం గిల్లడం కూడా చిన్న పని కాదు. రక్తం ఆగదు. అందుకే మత్తిచ్చి థియేటర్లో చేశారు. నేను ఆకుపచ్చ గౌనులో ఒక మూల నిలబడ్డాను. ఒక చేతి పక్కన ఫార్మలిన్ డబ్బా, రెండో పక్కన మంచు పెట్టె. రెండు ముక్కలిస్తారు. పెద్దది మామూలు రిపోర్టు కోసం ఫార్మలిన్‌లోకి. చిన్నది ఎర్ర మూత సీసాలోకి. ఆ మాటే లోపల జపంలా అనుకుంటూ ఉన్నాను.

డాక్టరు రెండు ముక్కలూ గుడ్డ మీద పెట్టి నా వైపు చాచాడు. ఒకటి చిక్కుడు గింజంత. ఒకటి బియ్యపు గింజంత. అందుకుంటున్నానో లేదో, రక్తం పీల్చే గొట్టం చప్పుడు మారిపోయింది. పైపైన పీలుస్తున్న చప్పుడు కాదు, గుటకలు వేస్తున్నట్టు. "ప్యాక్, ప్యాక్" అన్నాడు డాక్టరు. నర్సు మోచేత్తో నన్ను పక్కకి నెట్టి, "కాస్త జరగండి మాస్టారూ" అంది. గుడ్డలు తెల్లగా వెళ్ళి ఎర్రగా వచ్చి బకెట్లో పడుతున్నాయి. మావాడి చెయ్యి బల్ల అంచునుంచి జారి వేలాడుతోంది. బొటనవేలి గోరులో పాత జిగురు మరక ఉంది.

ముక్క ఆరిపోకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళు నేను అందరికీ నేర్పిన మొదటి పాఠం అది. ఏం జరుగుతున్నా సరే, ఎవరు అరుస్తున్నా సరే, ముందు ముక్కని ముంచు. నేను ముంచాను. మూత బిగించాను. పేరు, తేదీ, టైము గుండ్రటి అక్షరాలతో రాశాను. నా చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. అదొక్కటి ఆ రోజు గర్వంగా అనిపించింది.

బయటికొచ్చాక కిందికి వెళ్ళబుద్ధి కాలేదు. తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. డబ్బా, పెట్టె నా ఒళ్ళోనే ఉన్నాయి. నలభై నిమిషాల తర్వాత నర్సు తల బయటికి పెట్టి, "ఆగిందండీ. ఇంక లేచి టీ తాగండి" అంది. ఆమె మొహం చెమటతో తడిసి ఉంది. అయినా గుర్తుపెట్టుకుని నాకు చెప్పడానికి వచ్చింది.

కిందికి వెళ్ళి మంచు పెట్టె తెరిచాను. ఎర్ర మూత సీసాలో ద్రవం నీళ్ళంత తేటగా ఉంది. అందులో ఏమీ లేదు.

ఫార్మలిన్ డబ్బా వెలుతురుకి ఎత్తాను. చిక్కుడు గింజ, బియ్యపు గింజ అడుగున పక్కపక్కన ఉన్నాయి. ఎర్రటివి అప్పటికే ఉడికినట్టు గోధుమరంగుకి తిరిగాయి.

మెట్లెక్కి మళ్ళీ పైకి వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను. తలుపుకున్న గాజులోంచి చూశాను. స్టాండుకి రక్తం సంచి వేలాడుతోంది. ఇందాకటి నర్సు తడిదూదితో మావాడి చెవిలోకి కారిన రక్తం తుడుస్తోంది. దుప్పటి పొట్టిదైతే, ఛాతీ మీదనుంచి లాగి పాదాలు కప్పింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ నన్ను చూసి బయటికొచ్చాడు.

"హడలగొట్టాడు మాస్టారూ మీవాడు. ఇంక ఆపరేషన్ రోజుదాకా దాని జోలికి వెళ్ళేది లేదు. ముక్క దొరికింది, అదే అదృష్టం."

"అవును సార్" అన్నాను.

కిందికి వచ్చి ఆ బియ్యపు గింజని పట్టకారుతో తీశాను. ఉప్పు నీళ్ళలో మూడుసార్లు కడిగాను. ఎర్ర మూత సీసాలో వేశాను. నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళి డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

"మీరు తెచ్చారు, ఇంక నాకు బెంగ లేదు" అంది.

*

ఫలితానికి మూడు వారాలు పట్టింది. రోజూ వాన. మావాడు నాలుగో రోజునుంచే పనిలోకి వెళ్ళాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కూర్చుని, బూట్లు విప్పుకోకముందే అడిగేవాడు.

"నా చీటీలు లెక్కపెట్టారా బావా?"

"ఇంకా లేదురా."

"ఎక్కువున్నాయేమో, లెక్క తేలట్లేదు పాపం."

ఒక రోజు ఇంటికి కొత్త రంపం కొనుక్కొచ్చాడు. పాతది వంగింది, కన్ను నిలుస్తుందిగా, ఇంకో పదేళ్ళు వాడతాను అన్నాడు. ఇంకో రోజు కూర మాడింది. నేను స్టవ్ పక్కనే నిలబడి ఉన్నాను, నాకు తెలియలేదు. పొగ చూసి వాడే వచ్చి దించాడు. "ముక్కు కూడా నేనే చూసుకోవాలా ఇంక?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, మాడింది పక్కకి తీసి తన కంచంలో వేసుకుని, పైన ఉన్నది నాకు వేశాడు. తనకి ఎలాగూ రుచి తెలియదన్నాడు.

ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఒకవేళ ఏమీ కాలేదేమో అనుకునేవాణ్ణి. ముక్క చిన్నదే గానీ లోపలిదాకా నానలేదేమో. ఫలితం వచ్చాక చూద్దాం. నేను చదువుకున్నవాణ్ణి. ఫార్మలిన్ ఎంతసేపట్లో ఎంత లోతుకి దిగుతుందో నా విద్యార్థుల చేత వల్లె వేయించేవాణ్ణి. అయినా అలాగే అనుకున్నాను.

డాక్టరమ్మ కబురు పంపితే వెళ్ళాను. నన్ను చూసి లేచి, తన కుర్చీయే జరిపి కూర్చోమంది. తెర మీద గీతలు చూపించింది. మిగతా రోగులవి ఒక చోటనుంచి మెట్టెక్కినట్టు పైకి లేస్తున్నాయి. మావాడి గీత అడుగున పడుకుని ఉంది.

"అంటే జన్యువు జోరుగా లేదా?"

"అదీ చెప్పలేను. ఏ కణంలోనైనా రోజువారీ బతుకుకి కావలసిన జన్యువొకటి ఉంటుంది కదా. ముందు అది పలికితే, దానితో పోల్చి రెండోదాని సంగతి చెప్తాం. ఇక్కడ అదే పలకలేదు మాస్టారూ. ఇంట్లో పొయ్యే వెలగలేదంటే, కూర ఎంత వండారని ఏం చెప్తాను?" కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "మూడుసార్లు చేశాను. తప్పు నా వైపే జరిగి ఉంటుంది. మొన్న కరెంటు పోయినప్పుడు మంచు కరిగిందేమో. మీకెలా చెప్పాలో తెలీక రెండు రోజులు ఊరుకున్నాను. క్షమించండి."

ఆ మాట నేను భరించలేకపోయాను. చెప్పేశాను.

ఆమె వింది. చాలాసేపు బల్ల మీద పెన్సిలు అటూ ఇటూ దొర్లించింది.

"ఎంతసేపు ఉంది అందులో?"

"నలభై నిమిషాలు."

"బియ్యపు గింజంత ముక్క."

"అవును."

"ఆ రోజే చెప్పి ఉంటే?" అన్నాను నేనే.

"అంత రక్తం పోయాక ఆ రోజు మళ్ళీ తీసేవాళ్ళు కాదు. పది రోజులాగి తీసేవాళ్ళేమో. టైము ఉండేది." పెన్సిలు ఆపింది. "తీసేవాళ్ళు కాదేమో కూడా. నాకు తెలీదు మాస్టారూ."

ఏం ఫర్వాలేదని అననందుకు ఆమెకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆ గంటలోనే ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళి నా పేరు ఎత్తకుండా ఇంకో ముక్క అడిగింది. ఆయన కుదరదన్నాడు. రెండు చోట్లలో ఒకటి అప్పటికే నిండింది. శుక్రవారం రెండోది కూడా నిండింది. వేరే ఎవరికో మేలు జరిగిందని అనుకోవడానికి ప్రయత్నించాను.

*

డాక్టరమ్మకి చెప్పిన రోజు సాయంత్రమే మావాడు వెనక వసారాలో కూర్చుని ఉలిని సానరాయి మీద నూరుకుంటున్నాడు. నన్ను చూడగానే నోరు తెరిచాడు. అడగబోయే మాట తెలుసు కాబట్టి ముందే మొదలుపెట్టాను. ముక్కలు రెండూ ఫార్మలిన్‌లో వేయడం, బెంచీ మీద కూర్చోవడం, కడిగి సీసాలో వేయడం. ఒక్కటీ వదలకుండా చెప్పాను. సగంలో రాయి మీద చప్పుడు ఆగింది.

"నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నావా?"

"నీకు రక్తం ఆగిందో లేదో తెలుసుకుని వెళ్దామని."

"నా కోసం కూర్చుని నన్నే ముంచావన్నమాట."

వాడు ఉలి అంచుని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"సరే. చెయ్యి తప్పింది. నాకు తప్పలేదా? పెళ్ళివాళ్ళ మంచం కోళ్ళు నాలుగు అంగుళాలు పొట్టిగా కోసి పారేసిన రోజుంది. ఆ రోజు నువ్వే కదా వచ్చి యజమానికి సర్దిచెప్పావు." ఆగాడు. "అది కాదు బావా. రోజూ అడిగాను. ఇరవై రోజులు అడిగాను. గుమ్మంలో కూర్చుని పిచ్చోడిలా అడిగాను. రోజూ 'ఇంకా లేదురా' అన్నావు."

"అవునురా."

"ఆ ఒక్కటి ఎందుకు చేశావు?"

వాన పెద్దదైంది. వసారాలోకి జల్లు కొడుతుంటే వాడు లేచి, నేను తడుస్తున్నానని నా కుర్చీని గోడ వైపు లాగాడు. లాగి, ఉలీ రాయీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత ఇంట్లో గొడవేం జరగలేదు. అన్నం వండుకున్నాం, తిన్నాం, బట్టలు ఆరేశాం. వాడు హాస్యాలాడటం మానేశాడు. అంతే. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆమె పోయిన ఏడాది కూడా తెలియలేదు, వీడు ఉన్నాడు కాబట్టి.

*

ఆపరేషన్ పదకొండు గంటలు జరిగింది. ముక్కలు మా గదికి వచ్చాయి. ఈసారి నేను బెంచీ మీద కూర్చున్నాను, వేరేవాళ్ళు కోశారు. 'ప్రమాదం లేని గడ్డ' అనే రిపోర్టు వచ్చింది.

కట్టు విప్పిన రోజు డాక్టరు వేలు చూపిస్తే, మావాడు ఎడమ కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు. "తలుపేసిన గదిలా ఉంది సార్" అన్నాడు. కన్ను బయటికి మామూలుగానే ఉంది. వాళ్ళక్క కన్నే, అదే తేనె రంగు, అదే కొంచెం వాలిన రెప్ప. దాని ముందు చెయ్యి ఆడిస్తే కదలదు.

ఇంటికొచ్చాక టీ గ్లాసులో పోయబోయి పక్కన పోశాడు. నేను గ్లాసు తీసుకెళ్ళి గిన్నె మూతికి ఆనించి పట్టుకున్నాను. వాడు పోశాడు. ఆ తర్వాత రోజూ అలాగే చేశాం, దాని గురించి ఎవరం ఏమీ అనుకోలేదు. కార్ఖానాలో కోత యంత్రం దగ్గరికి రానివ్వలేదు. యజమాని మంచివాడు. తీసేయకుండా, గరుకు కాగితంతో చెక్క నున్నగా రుద్దే పని ఇచ్చాడు. అది కొత్తగా చేరినవాళ్ళు చేసే పని.

ఆరు వారాలకి ముక్కులో కెమెరా గొట్టం పెట్టి చూశారు. డాక్టరు గొట్టం తీసి, తెరని మా వైపు తిప్పాడు. వెనక ఒక మూల, మిరప గింజంత ఎర్రటి చుక్క.

"మళ్ళీనా?" అన్నాను.

"చూద్దాం. ఆర్నెల్లు చూద్దాం."

"ఆ మందు సార్?"

"ఆ పన్నెండుమందితో అయిపోయింది మాస్టారూ. కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు."

ఆ పన్నెండుమందిలో ఐదుగురికి గడ్డ కుదించుకుపోయిందనీ, ఏడుగురికి ఏ తేడా రాలేదనీ ఏడాది తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మావాడు ఐదుగురిలో ఉండేవాడా, ఏడుగురిలో ఉండేవాడా అని నేను అడగలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

డాక్టరు దగ్గరనుంచి వచ్చిన మర్నాడు ఆదివారం. వానలకి ఉబ్బి మా వంటింటి వెనక తలుపు మూసుకోవడం మానేసింది. మావాడు ఏమీ చెప్పకుండా బందులు విప్పి, తలుపుని రెండు స్టూళ్ళ మీద పక్కకి నిలబెట్టి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. చెక్క పొరలు చుట్టలు చుట్టలుగా నేల మీద పడుతున్నాయి. మధ్యమధ్యలో ఆగి, చెంప చెక్కకి ఆనించి, ఎడమ కన్నుతో అంచు వెంట చూస్తున్నాడు. తల తిప్పి మళ్ళీ చూస్తున్నాడు. అరచేత్తో తడుముతున్నాడు.

"బావా, ఇటు రా."

వెళ్ళాను.

"చూసి చెప్పు."

మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూసుకుని చూశాను. మధ్యలో, కింది బందు కన్నా జానెడు పైన, ఎత్తుగా ఉంది. అది నాకు కూడా కనిపించింది. సరిగ్గానే ఉందని చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

"ఎలా ఉంది?"

"మధ్యలో ఎత్తుంది."

"ఎక్కడ? వేలు పెట్టు."

పెట్టాను. వాడు నా వేలిని తన వేలితో తాకి గుర్తుపెట్టుకుని, నన్ను జరగమని చిత్రిక తోశాడు.

"ఇప్పుడు?"

"ఇంకా ఉంది."

మళ్ళీ తోశాడు. రెండుసార్లు, మూడుసార్లు. చెక్క పొట్టు నా పాదాల మీద పడింది.

"ఇప్పుడు?"

నేను చూశాను. లేచి రెండో వైపునుంచి కూడా చూశాను.

"ఇప్పుడు పల్లం పడింది."

వాడు చిత్రిక పక్కన పెట్టాడు. ఇద్దరం తలుపెత్తి బందులకి తగిలించాం. మూసుకుంది. మధ్యలో మాత్రం గోరు దూరేంత సందు. ఆ సందులోంచి జల్లు వంటింటి నేల మీదికి కొడుతోంది. మావాడు ఆ సందు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"నిజమే చెప్పావా?"

"నిజమేరా. మూడుసార్లూ."

"అయితే పోయింది నా చెయ్యే" అన్నాడు.

నేను గుడ్డ తెచ్చి నేల తుడిచాను. వాడు గోడకి ఆనుకుని కింద కూర్చుని, చిత్రికలోంచి బ్లేడు విప్పి, తుడిచి, రెండు వైపులా నూనె పట్టించి, చాలా ఏళ్ళు తీయబోని వస్తువుకి చేసినట్టు పాత గుడ్డలో రెండు మడతలు వేసి చుట్టాడు.